కత్తికి ముందు సూది

పచ్చకామెర్లు పైకి ఒకేలా కనిపిస్తాయి. కళ్ళు పచ్చబడతాయి, ఒళ్ళు పచ్చబడుతుంది. లోపల మాత్రం అవి రెండు వేరువేరు జబ్బులు. ఒకదానిలో కాలేయమే చెడుతుంది. ఆ మనిషికి పొట్ట కోస్తే కాలేయం ఆ దెబ్బను తట్టుకోలేక మనిషి పోవచ్చు. రెండోదానిలో కాలేయం తన పని తాను చేస్తూనే ఉంటుంది గానీ, అది తయారుచేసిన పైత్యరసం పేగులోకి దిగే గొట్టానికి ఏదో అడ్డం పడుతుంది. రాయి కావచ్చు, కేన్సర్ గడ్డ కావచ్చు. అక్కడ కొయ్యకపోతే మనిషి పోవచ్చు.

ఎవరికి కొయ్యాలి, ఎవరికి కొయ్యకూడదు అన్నది కత్తి పట్టకముందే చెప్పడం నా పని. డెబ్బైల్లో విజయవాడలో ఎక్స్‌రే డాక్టరుగా నేను చేసింది అదే. ప్రమోషన్ల గురించి, కమిటీల గురించి ఇక్కడ రాయను. అవి అందరికీ ఒకేలా జరుగుతాయి. ఇప్పుడు ఈ వృత్తిలోకి వస్తున్నవాళ్ళు కొందరు నన్ను చూసి, "స్కానింగు లేకుండా ఎలా నెట్టుకొచ్చారు మేడమ్" అని జాలిగా అడుగుతారు. ఆ జాలి నాకు అక్కర్లేదు. మేము నెట్టుకురాలేదు. పోట్లాడి చేశాం. ఏం పోట్లాడామో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

ఫొటోలు తీసే ఆవిడ

మాది పామర్రు. నాన్న మిషన్ బడిలో లెక్కల మాస్టారు. గుంటూరులో చదువు ముగించి విజయవాడలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేరాను. మా చర్చి నుంచి వచ్చిన ఆడపిల్లల్లో ఎక్కువమంది నర్సులు కావడంతో, తెల్లకోటు వేసుకున్నా పేషెంట్లు నన్ను "నర్సమ్మగారూ" అనే పిలిచేవారు. పలికేదాన్ని. నొప్పితో పిలిచేవాళ్ళకి నా డిగ్రీతో ఏం పని? సర్జన్లు "ఫొటోలు తీసే ఆవిడ" అన్నప్పుడు మాత్రం పలికేదాన్ని కాదు.

మా చీఫ్ సర్జన్ డాక్టర్ వెంకటరత్నం గారు. ఆయన చేతులంత శుభ్రమైన చేతులు నేను మళ్ళీ చూడలేదు. రక్తం పెద్దగా పోనిచ్చేవారు కాదు, తడబడేవారు కాదు. కృష్ణా, గుంటూరు జిల్లాల నుంచి ఆయన పేరు చెప్పుకుని జనం వచ్చేవారు. ఆయన వైద్యానికి ఒకటే సూత్రం. కామెర్లు వారాల తరబడి తగ్గకపోతే, ఒళ్ళంతా దురద పెడుతుంటే, మలం తెల్లగా పోతుంటే, పొట్ట తెరిచి చూడటమే.

"పొట్ట తెరిస్తే కనపడనిది మీ ఫిల్ములో కనపడుతుందా అమ్మా?" అని నవ్వేవారు.

ఆయన చెడ్డవారు కాదు. ఈ మాట ముందే చెబుతున్నాను. ఎందుకంటే ఇకపై రాసేదంతా ఆయనతో నా తగాదా. చెడ్డవాళ్ళతో తగాదా తేలిక. పనిమంతుడితో, పేరున్నవాడితో, తన అనుభవం మీద నమ్మకం ఉన్నవాడితో తగాదా కష్టం. మీకు వృత్తిలో ఎదురయ్యేది ఎక్కువగా ఈ రెండో రకమే.

ఖాళీ ఫిల్ము

నాంచారయ్య ఆటోనగర్‌లో లారీ మెకానిక్. ముప్పై ఏళ్ళ లోపు మనిషి. కామెర్లు ముదిరి, చర్మం గోకి గోకి పుళ్ళు పడి వచ్చాడు. వెంకటరత్నం గారు పైత్యనాళంలో రాయి అని అనుమానించి నా దగ్గరికి పంపారు.

అప్పట్లో ఉన్న పరీక్ష ఇది. చేతి నరంలోకి అయోడిన్ కలిసిన మందు ఎక్కించాలి. కాలేయం ఆ మందును రక్తంలోంచి లాగి పైత్యరసంలో కలిపి నాళంలోకి వదలాలి. అప్పుడు ఎక్స్‌రే తీస్తే నాళం తెల్లగా కనపడుతుంది. అయితే ఇందులో ఒక మెలిక ఉంది. కామెర్లు ముదిరితే కాలేయం ఆ మందును లాగదు. అడ్డం ఉన్నా లాగదు, అడ్డం లేకపోయినా లాగదు. అంటే, ఎవరి నాళం చూడటం మనకు అత్యవసరమో సరిగ్గా వాళ్ళ విషయంలోనే ఈ పరీక్ష చేతులెత్తేస్తుంది.

నాంచారయ్య ఫిల్ములు ఖాళీగా వచ్చాయి. "నాళం కనపడలేదు. కామెర్లు ఎక్కువగా ఉన్నందువల్ల ఈ పరీక్షతో ఏమీ తేల్చలేము" అని రిపోర్టు రాశాను. వెంకటరత్నం గారు మొదటి వాక్యం చదివి ఆగిపోయారు.

"కనపడలేదంటే అడ్డం ఉన్నట్టేగా?" అన్నారు.

"కాదు సార్. కనపడలేదంటే కనపడలేదనే. అంతకు మించి దానికి అర్థం లేదు."

"మరి ఏం చెయ్యమంటారు? చూస్తూ కూర్చోమంటారా?"

అప్పటికి మా దగ్గర వేరే పరీక్ష లేదు. ఆయన పొట్ట తెరిచారు. నాళం సన్నగా, మామూలుగా ఉంది. రాయి లేదు, గడ్డ లేదు. కాలేయం మాత్రం వాచి, మెత్తబడి ఉంది. మళ్ళీ మూసి కుట్టేశారు. ఆ తర్వాత నాంచారయ్య సరిగ్గా తెలివిలోకి రాలేదు. మాట తడబడింది, మగత కమ్మింది, ఆ వారంలోనే పోయాడు.

శవాన్ని తీసుకెళ్ళడానికి వచ్చినప్పుడు వాళ్ళమ్మ సత్తెమ్మ వరండాలో నన్ను ఆపింది. ఏడవడం లేదు. పైట చెంగు పిడికిట్లో పట్టుకుని నిలబడింది.

"అమ్మగారూ, లోపల రాయుందన్నారు గదండీ. దొరికిందా?"

పక్కనే హౌస్ సర్జన్లు ఉన్నారు. అందరూ నేల చూపులు చూస్తున్నారు.

"లేదమ్మా. రాయి లేదు. లివరు చెడింది," అన్నాను.

"మరైతే కొయ్యకుండా ఉంటే బతికేవాడా?"

"చెప్పలేనమ్మా. బతికే అవకాశం మాత్రం ఉండేది."

ఆమె తల ఊపి వెళ్ళిపోయింది. మధ్యాహ్నం కల్లా ఆ సంగతి వెంకటరత్నం గారికి చేరింది. నా గదికి వచ్చి తలుపు మూశారు.

"ఆవిడతో ఆ మాట ఎందుకన్నారు?"

"అడిగింది గనక చెప్పాను సార్."

"ఇది ఆసుపత్రి అనుకున్నారా, కోర్టనుకున్నారా?"

"కొడుకు పోయిన తల్లి అడిగితే అబద్ధం చెప్పడానికి ఇక్కడ నన్నెవరూ పెట్టుకోలేదు సార్."

ఆయన తలుపు తీసుకుని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ముదిరిన కామెర్ల మనిషికి అదే పరీక్ష చెయ్యమని చీటీ వస్తే వెనక్కి పంపేశాను. "దీనివల్ల పేషెంటుకు ఉపయోగం లేదు, నేను చెయ్యను" అని చీటీ మీదే రాశాను. మేనేజ్‌మెంటు వాళ్ళు పిలిచి మందలించారు. రెండో చీటీ కూడా వెనక్కి పంపాను. మీకు చెప్పేదేమిటంటే, ఏమీ చెప్పలేని పరీక్ష చెయ్యడం ఏ పరీక్షా చెయ్యకపోవడం కన్నా ప్రమాదం. ఖాళీ ఫిల్ములో ఎవరికి కావలసింది వాళ్ళు చదువుకుంటారు.

జపాన్ సూది

"చూస్తూ కూర్చోమంటారా" అన్న ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. అది సరైన ప్రశ్నే. వద్దు అనడం సగం పని. మరేం చెయ్యాలో చెప్పగలగడం మిగతా సగం.

మద్రాసులో ఒక పెద్ద ఆసుపత్రిలో కొత్త పద్ధతి మొదలుపెట్టారని విని, సెలవు పెట్టి వెళ్ళి నేర్చుకున్నాను. కుడివైపు పక్కటెముకల మధ్య నుంచి సూదిని నేరుగా కాలేయంలోకి దింపి, మందు కొద్దికొద్దిగా వదులుతూ వెనక్కి లాగుతారు. సూది మొన పైత్యనాళం కొమ్మలో పడితే మందు అందులోకి వెళ్ళి నాళమంతా కనపడుతుంది. కాలేయం లాగుతుందా లేదా అన్న బెడదే లేదు. మనమే నాళంలోకి పోస్తున్నాం.

పద్ధతి పాతదే. పాత సూది లావుగా ఉండేది. తీసిన చోట కాలేయం నుంచి పైత్యరసం, రక్తం పొట్టలోకి కారేవి. జపాన్ వాళ్ళు వెంట్రుకలా వంగే సన్న సూది తయారుచేశారు. అదే కొత్త. మద్రాసు నుంచి అలాంటివి కొన్ని తెచ్చుకున్నాను.

వెంకటరత్నం గారు సూదిని వేళ్ళ మధ్య పట్టుకుని వంచి చూశారు.

"నేను చదువుకునేటప్పుడు మా ప్రొఫెసర్ లావు సూదితో ఇదే చేశారమ్మా. ఆ పేషెంటు పొట్టంతా పైత్యం నిండిపోయి చచ్చిపోయింది. పక్కన నిలబడి చూసినవాణ్ణి నేను. నా వార్డులో ఇది జరగనివ్వను."

ఆ మాటలో గర్వం లేదు, భయం ఉంది. నాకు నాంచారయ్య ఎలాగో ఆయనకు ఆ పేషెంటు అలాగ. అది అర్థమైంది. అర్థమైనంత మాత్రాన ఒప్పుకోలేదు. సూదులు ఉడకబెట్టి పెట్టెలో పెట్టాను. అవసరం వస్తుందని తెలుసు.

ఆదిలక్ష్మి గారు

ఆవిడది ఉయ్యూరు దగ్గర పల్లె. చెరుకు రైతుల కుటుంబం. యాభై దాటిన మనిషి. నొప్పి లేకుండా మొదలైన కామెర్లు రోజురోజుకీ ముదిరాయి. పొట్ట తడిమితే పిత్తాశయం ఉబ్బి చేతికి తగులుతోంది. నొప్పి లేని కామెర్లు, చేతికి తగిలే పిత్తాశయం, ఈ రెండూ కలిస్తే రాయి కాదు, కేన్సర్ అని పుస్తకాలు చెబుతాయి. చాలాసార్లు అది నిజమే. వెంకటరత్నం గారు ఆవిడ భర్త సుబ్బారావు గారిని పక్కకు పిలిచి, ఆపరేషన్ వల్ల లాభం లేదు, ఇంటికి తీసుకెళ్ళి చూసుకోండి అని చెప్పారు. ఈసారి పొట్ట తెరవడానికి కూడా ఆయనకు మనసు రాలేదు. నాంచారయ్య తర్వాత ఆయనలోనూ ఏదో మారింది.

వెళ్ళే ముందు ఛాతీ ఎక్స్‌రే కోసం ఆవిడ నా గదికి వచ్చింది. ఫిల్ము తీశాక బల్ల మీంచి దిగలేదు.

"మా ఆయనకి ఏదో చెప్పారంటండీ. నిన్నటి నించీ నా మొహం చూట్టం లేదు. నా పొట్టలో ఏముందో నాకు చెప్పరా?"

"మీ డాక్టరుగారు కేన్సర్ గడ్డ అనుకుంటున్నారండీ."

ఆవిడ బల్ల మీద లేచి కూర్చుంది. "అనుకుంటున్నారా, చూశారా?"

ఆ ప్రశ్న మా పుస్తకాల్లో ఎక్కడా లేదు. "ఎవరూ చూడలేదండీ. చూడొచ్చు. దానికి సూది గుచ్చాలి. సూది వల్ల రక్తం కారొచ్చు, పైత్యం కారొచ్చు. అలా అయితే వెంటనే ఆపరేషన్ చెయ్యాలి. ప్రాణానికీ ముప్పు ఉండొచ్చు. చూశాక కేన్సరే అని తేలనూవచ్చు."

"చూడండి. తెలీకుండా ఇంటికెళ్ళి పడుకోటం నా వల్ల కాదు."

సుబ్బారావు గారు తలుపు దగ్గరే నిలబడి విన్నారు. "ఆవిడెట్టా అంటే అట్టాగేనండీ," అన్నారు.

వెంకటరత్నం గారి గదికి వెళ్ళాను. విషయం వినగానే ఆయన మొహం ఎర్రబడింది.

"నా పేషెంటుతో నన్నడక్కుండా ఎలా మాట్లాడతారు?"

"మీరు ఇంటికి పంపేశారు సార్. ఇంటికి పంపాక ఆవిడ మీ పేషెంటెలా అవుతుంది?"

"సూది గుచ్చి ఏదైనా అయితే?"

"అందుకే వచ్చాను. మీరు థియేటరు సిద్ధంగా ఉంచాలి. మీరు లేకుండా నేను చెయ్యను, చెయ్యకూడదు. లోపల కేన్సర్ కనిపిస్తే మీరు చెప్పిందే నిజమని నేనే రాసి సంతకం పెడతాను. రాయి కనిపిస్తే మీరు పొట్ట తెరవాలి."

ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, మళ్ళీ పెట్టారు. "చూసే ముందే కేసు గెలిచినట్టు మాట్లాడుతున్నారు."

"గెలవాలని లేదు సార్. చూడాలని ఉంది."

చివరికి ఒప్పుకున్నారు. నా మాట మీద నమ్మకంతో కాదు. తన రోగనిర్ధారణ మీద నమ్మకంతో. నాకు కావలసింది ఒప్పుకోలు, కారణం కాదు.

ఇప్పటివాళ్ళకు ఆ గది ఎలా ఉండేదో చెప్పాలి. టీవీ తెర లేదు. ఎక్స్‌రే పడితే పచ్చగా మసకమసకగా వెలిగే ఒక పలక ఉండేది. ఆ మసక కనపడాలంటే కళ్ళు చీకటికి అలవాటు పడాలి. అందుకని ముందే ఎర్ర కళ్ళజోడు పెట్టుకుని ఆసుపత్రిలో తిరిగేవాళ్ళం. సీసపు ఏప్రాన్ బరువుకి భుజాలు లాగేవి. కరెంటు పోతే అంతా మళ్ళీ మొదటికి.

ఆదిలక్ష్మి గారికి రక్తం త్వరగా గడ్డకట్టేలా ముందు రోజుల నుంచే ఇంజెక్షన్లు ఇచ్చాం. కుడిపక్క చర్మానికి మత్తిచ్చి సూది దింపాను. "ఊపిరి బిగబట్టండి" అంటే ఆవిడ బిగబట్టింది. మందు వదులుతూ లాగుతుంటే పలక మీద ఒక సన్న గీత తేలి చెరిగిపోయింది. అది రక్తనాళం. రక్తం పారుతుంది గనక మందును లాక్కుపోతుంది. మళ్ళీ దింపాను. మళ్ళీ చెరిగిపోయింది. నా వెనక చీకట్లో వెంకటరత్నం గారి ఊపిరి వినపడుతోంది.

తర్వాతి సారి గీత చెరగలేదు. నెమ్మదిగా లావయింది. పక్కకి ఒక కొమ్మ, దానికింకో కొమ్మ విచ్చుకున్నాయి. మందు కదలకుండా నిలబడింది. నాళంలో పడ్డాం. ఉబ్బిన నాళం. బల్లను నిలువుగా లేపి ఆవిణ్ణి నిలబెట్టాం. మందు బరువుగా కిందికి జారి, నాళం చివరికంటా వెళ్ళి ఆగింది. అదెలా ఆగిందన్నదే ప్రశ్న. కేన్సరైతే నాళాన్ని నొక్కి, మొన తేలినట్టు సన్నగా ముగుస్తుంది. ఇక్కడ మందు ఒక గుండ్రటి నున్నటి దాని చుట్టూ గిన్నె అంచులా నిలబడింది.

ఫిల్ము కడిగి, ఆరకముందే క్లిప్పు పట్టుకుని వెలుతురు పెట్టె మీద పెట్టాను. నీళ్ళు వెంకటరత్నం గారి బూట్ల మీద కారుతున్నాయి. ఆయన జరగలేదు. ఆ గుండ్రటి అంచు వెంట వేలు పోనిచ్చారు.

"థియేటర్‌కి తీసుకురమ్మనండి," అన్నారు.

రాయి బయటికి వచ్చింది. ఉసిరికాయంత ఉంది. కుట్లు మానాక ఆవిడ తన కాళ్ళ మీద ఇంటికి వెళ్ళింది. ఆవిణ్ణి బతికించింది నా సూది కాదు, ఆయన చేతులు. ఆ చేతులు ఏం చెయ్యాలో చెప్పింది మాత్రం ఆ ఫిల్మే. రెండింట్లో దేన్నీ నేను తక్కువ చెయ్యను.

ఏది దేనికి

ఆ తర్వాత మద్రాసులోనే అల్ట్రాసౌండు మొదటిసారి చూశాను. పొట్ట మీద నూనె రాసి చిన్న పెట్టెలాంటిది జరుపుతుంటే తెర మీద బూడిదరంగు మబ్బుల్లో ఉబ్బిన పైత్యనాళం కనపడింది. సూది లేదు, మందు లేదు, ముప్పు లేదు. నిజం చెప్పాలంటే ముందు నాకు కోపం వచ్చింది. ఇన్ని తగాదాలు పడి నేర్చుకున్నదాన్ని ఒక పెట్టె అంత తేలిగ్గా చేస్తుంటే కోపం రాదా? తర్వాత అక్కడి డాక్టరుని, "నాళం కింది చివర చూపించండి" అని అడిగాను. ఆయన పెట్టెను అటూ ఇటూ జరిపి, "అక్కడ పేగులో గాలి అడ్డమండీ, కనపడదు," అన్నారు. అడ్డం ఉందని చెప్పగలిగారు. అదేమిటో చెప్పలేకపోయారు.

అప్పటి నుంచి ఎవరడిగినా నేను చెప్పేది ఇదే. ఏ పరీక్ష గొప్పది అని అడక్కండి. నా ప్రశ్న ఏమిటి అని మిమ్మల్ని మీరు అడగండి. నాళం ఉబ్బిందా లేదా అన్నదే ప్రశ్నయితే అల్ట్రాసౌండుకి మించింది లేదు, ముందు అదే చెయ్యాలి. ఎక్కడ ఆగింది, ఎందుకు ఆగింది అన్నది ప్రశ్నయితే సూదే చెప్పాలి. నోట్లోంచి గొట్టం పంపి కింది నుంచి మందు పోసే పద్ధతి అప్పటికే పెద్ద నగరాల్లో మొదలైంది. నాళం సన్నగా ఉన్నవాళ్ళకి అది సూదికంటే మేలు. నరంలో ఎక్కించే పాత పరీక్ష ముదిరిన కామెర్లలో దేనికీ పనికిరాదు. కొత్తది వచ్చిందని పాతదాన్ని పారెయ్యమని నేను చెప్పడం లేదు. పాతదే అలవాటని పనికిరానిదాన్ని పట్టుకు వేలాడవద్దని మాత్రం చెబుతున్నాను. మీ కాలంలో కూడా అలాంటి పరీక్ష ఒకటి తప్పకుండా ఉంటుంది. అదేదో కనిపెట్టడం మీ పని.

మద్రాసులో చూసిన ఆ పెట్టె అప్పటికి మా ఊళ్ళో లేదు. శివరామయ్య మాస్టారు వచ్చినప్పుడు అదే నా బాధ.

మాస్టారు

శివరామయ్య గారు పామర్రు పక్క పల్లెలో తెలుగు మాస్టారు. మా నాన్నకు ముఖపరిచయం. కామెర్లు, దురద, తెల్లటి మలం, అన్నీ నాళానికి అడ్డం పడ్డవాళ్ళ లక్షణాలే. వెంకటరత్నం గారు ఈసారి తనంతట తానే నా దగ్గరికి పంపారు. "సూది వెయ్యండమ్మా," అన్నారు.

వేశాను. రక్తనాళాలు తేలి చెరిగిపోయాయి. మళ్ళీ మళ్ళీ వేశాను. నాళం దొరకలేదు. ఇంక గుచ్చితే ముప్పు అనిపించిన చోట ఆపేశాను.

ఉబ్బిన నాళమైతే ఆ సూదికి దొరక్కుండా ఉండటం అరుదు. దొరకలేదంటే నాళం ఉబ్బలేదనే ఎక్కువ అవకాశం. అంటే అడ్డం లేదు, కాలేయపు కామెర్లే అలా వేషం మార్చి వచ్చాయి. "ఆపరేషన్ వద్దు, ఆగి చూడాలి" అని రాశాను.

వెంకటరత్నం గారు రిపోర్టు చదివి కుర్చీలో వెనక్కి వాలారు. "కనపడలేదంటే కనపడలేదనే అన్నది మీరేగా? ఇప్పుడు కనపడకపోతే అర్థం ఉందంటున్నారు."

సరైన దెబ్బ. నేను ఆలోచించే జవాబు చెప్పాను. "ఆ నరం పరీక్షలో అడ్డం ఉన్నా నాళం కనపడదు, లేకపోయినా కనపడదు సార్. ఈ సూదికి నాళం ఉబ్బితే దాదాపుగా దొరుకుతుంది. అందుకని దొరక్కపోవడానికి కొంత అర్థం ఉంది. పూర్తిగా లేదు. ఎంత ఉందో అంతే రాశాను."

"ఆ కొంత మీద మనిషి ప్రాణం పెడతారా? అడ్డం ఉండి చీము పడితే ఎవరు జవాబు చెబుతారు?"

"నేను."

"కాగితం మీద రాస్తారా?"

కేసు షీటు తీసుకుని, నా సలహా మీదే ఆపరేషన్ ఆపారని రాసి సంతకం పెట్టాను. మాస్టారుని మద్రాసు పంపుదామంటే ఆయన అంత దూరం ప్రయాణం చేసే స్థితిలో లేరు.

మాస్టారి భార్య అన్నపూర్ణమ్మ గారికి నా మీద మొదటి నుంచీ గుర్రుగానే ఉంది. ఉయ్యూరు ఆవిడ రాయి కథ ఆవిడ దాకా చేరింది. ఆవిణ్ణి కోసి బతికించినవాళ్ళు తన భర్తను ఎందుకు కొయ్యరన్నది ఆవిడ ప్రశ్న. రోజూ పొద్దున్నే నేను వార్డుకు వెళ్ళి మాస్టారి కళ్ళను కిటికీ వెలుతురులో చూసేదాన్ని. పచ్చదనం అలాగే ఉండేది. జ్వరం మాత్రం రాలేదు, అంటే చీము పడలేదు. ఆ జ్వరం లేకపోవడాన్ని పట్టుకునే నేను నిలబడ్డాను. ఒకరోజు వెళ్ళేసరికి మంచం పక్కన సంచీ సర్ది ఉంది.

"మీరు కొయ్యరు, మందూ సరిగా ఇవ్వరు. రోజూ వచ్చి కళ్ళు చూసిపోడానికి ఇక్కడ ఉండాలాండీ?" అంది అన్నపూర్ణమ్మ గారు. "మా పుట్టింటి వైపు పసరు పోసే ఆయన ఉన్నాడు. అక్కడికి తీసుకెళ్తున్నా."

"జ్వరం వచ్చినా, చలి పుట్టి వణికినా ఆ క్షణమే ఇక్కడికి తీసుకురండి. ఆలస్యం చెయ్యకండి. ఈ ఒక్కటి వింటే చాలండి," అన్నాను.

మాస్టారు మంచం మీంచి నా వైపు చూసి చేతులు జోడించారు. ఆయన ఒక్కరే ఆ రోజు నాతో తగాదా పడనిది.

తర్వాత కబురు లేదు. వెంకటరత్నం గారు టీ దగ్గర కలిసినప్పుడల్లా "మీ మాస్టారి సంగతేమైనా తెలిసిందా?" అని అడిగేవారు. ఎగతాళిగా కాదు. ఆయనకీ భయంగానే ఉంది. నాంచారయ్యను మేమిద్దరం వేరువేరుగా మోస్తున్నాం. మాస్టారు పోతే నా తప్పు, ఇంక సూది కథ అక్కడితో సరి. మళ్ళీ పొట్టలు తెరవడమే. ఈ లోపు ఇంకో కామెర్ల మనిషి వచ్చాడు. సూది వేశాను. భయపడుతూనే వేశాను. ఎవరైనా అడిగితే భయం లేదనే చెప్పేదాన్ని.

వరి కోతలు మొదలైన రోజుల్లో, ఔట్‌పేషెంటు టైములో నా గది ముందు ఇద్దరు నిలబడ్డారు. బస్సులో వచ్చినట్టున్నారు, బట్టల నిండా దుమ్ము. అన్నపూర్ణమ్మ గారు, వెనక మాస్టారు. ఒళ్ళు చిక్కింది గానీ నిటారుగా నిలబడ్డారు.

"చూశారా," అంది ఆవిడ, కుర్చీలో కూర్చోకుండానే. "పసరు పోసిన పక్షానికి దురద తగ్గింది. ఆ పైన మలం రంగొచ్చింది. ఇప్పుడు అన్నం తింటున్నారు."

"చాలా సంతోషమండీ."

"ఏమీ అనుకోనంటే ఒక మాట చెబుతా. మీకు ఇలాంటివాళ్ళొస్తే ఆయన దగ్గరికి పంపండి. ఇట్టా సూదులేసి హింసపెట్టే కంటే నయం గదా."

మాస్టారు ఇబ్బందిగా కదిలారు. "ఊరుకో అన్నపూర్ణా."

"పోనీలెండి," అన్నాను. వాళ్ళ వెనక వెంకటరత్నం గారు గుమ్మంలో నిలబడి ఉన్నారని అప్పుడు చూశాను. మాస్టారు వచ్చారని ఎవరో చెబితే వార్డు రౌండు మధ్యలో వదిలేసి వచ్చినట్టున్నారు. ఆవిడ మాటలన్నీ విన్నారు.

కాలేయపు కామెర్లు చాలావరకు వాటంతటవే తగ్గుతాయి. పక్కన పసరు ఉంటే పేరు పసరుకు వస్తుంది. పక్కన కత్తి ఉంటే మనిషి పోతాడు. అదంతా ఆవిడకు చెప్పాలనిపించలేదు. చెప్పినా నాకేం ఒరుగుతుంది? చెయ్యని ఆపరేషన్‌కు ఎవరూ దండ వెయ్యరు.

"మాస్టారూ, ఒకసారి ఇలా బల్ల మీద పడుకోండి," అన్నాను.

ఆయన పడుకుని చొక్కా పైకి జరిపారు. కింది రెప్ప లాగి చూశాను. కన్ను తెల్లగా ఉంది. వెంకటరత్నం గారు లోపలికొచ్చి బల్లకు అటుపక్క నిలబడ్డారు. ఆయన కూడా వంగి చూశారు. పొట్ట మీద ఒక్క కుట్టు కూడా లేదు. కుడిపక్క ఎముకల మధ్య నా సూది గుచ్చిన చోటు కోసం ఇద్దరం వెతికాం. దొరకలేదు.